పజిల్ చెప్పే లోవలక్ష్మి

కడియంలో జీవరాజు గారి నర్సరీ నుంచి లారీ ఎక్కే మొక్కలకి పేర్లు రాసేది లోవలక్ష్మి. ప్లాస్టిక్ చీటీల మీద చెరగని ఇంకుతో గుండ్రంగా రాసి, ఒక్కో రకానికీ ముందు వరసలో ఒకటి గుచ్చుతుంది. బెంగళూరు, పూనా వెళ్ళే లోడుకి ఇంగ్లీషులో రాయాలి. మన వైపు వెళ్ళేవాటికి తెలుగులో. తెలుగు లోడు పడిన రోజు లోవలక్ష్మి చెయ్యి హుషారుగా నడుస్తుందని తోటి పనివాళ్ళు అంటుంటారు.

ఆమెది ధవళేశ్వరం. ఏటిగట్టుకి దగ్గర్లోనే ఇల్లు. తండ్రి సత్తియ్య బ్యారేజీ దిగువన వల వేసేవాడు. తల్లి రత్తమ్మ ఆ చేపల్ని గంపకెత్తుకుని వీధులు తిరిగేది. చేపలు చుట్టి ఇవ్వడానికి రత్తమ్మ పాత పేపర్లు కొని తెచ్చేది. ఆ పేపర్లలోనే లోవలక్ష్మి మొదటిసారి గళ్ళ పజిల్ చూసింది. ఎవరో సగం పూరించి వదిలేసినవి కొన్ని, ఎవరూ ముట్టుకోనివి కొన్ని. మర్నాటి పేపరు దొరికేది కాదు కాబట్టి తను రాసింది తప్పో ఒప్పో తెలిసే దారి లేదు. అక్షరాలు అడ్డంగా, నిలువుగా కుదిరితే కుదిరినట్టే. అలా గళ్ళు నింపుకుంటూ పదో తరగతి దాకా చదివింది. ఆ తర్వాత పెళ్ళి. భర్త చినబాబు ఇసుక పడవల మీద పనిచేసేవాడు. మంచివాడే గానీ కామెర్లు ముదిరి, చిన్న వయసులోనే పోయాడు. కూతురు రాణికి రాజోలు వైపు సంబంధం కుదిరి వెళ్ళిపోయింది. తండ్రి కూడా పోయాక, ఇంట్లో తల్లీ తనూ మిగిలారు.

నర్సరీ ఆఫీసుకి రోజూ ఒక పేపరు వస్తుంది. జీవరాజు గారు రాజకీయాలూ, వాతావరణం చూసి బల్ల మీద పడేస్తారు. మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక లోవలక్ష్మి దాన్ని తీసుకుని, షేడ్ నెట్ కింద బోర్లించిన కుండీ మీద కూర్చుంటుంది. ఆ పేపర్లో వచ్చే పజిల్‌కి ఒక పద్ధతి ఉంది. రోజుకో థీమ్. ఒకరోజు పక్షులు, ఒకరోజు నగలు, ఒకరోజు వానలు. ఆ థీమ్ ఏమిటో పైన రాయరు. నాలుగైదు జవాబులు పట్టుకున్నాక మనకే తెలియాలి. తెలిసిందా, మిగిలినవి వాటంతటవే వచ్చేస్తాయి. అందుకే ఆమెకి ఆ పజిల్ అంటే ప్రాణం.

రాజమండ్రిలో మందుల షాపు నడిపే ఉదయ్‌కుమార్ అనే అతను ఆ పజిల్ చేసేవాళ్ళ కోసం వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాడు. నర్సరీకి మొక్కల కోసం వచ్చినప్పుడు లోవలక్ష్మి గళ్ళు నింపుతుండగా చూసి, ఆమెనీ చేర్చుకున్నాడు. అందులో రకరకాల మనుషులు. రిటైరైన టీచర్లు, బ్యాంకులో పనిచేసేవాళ్ళు, ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళు. పొద్దున్న అందరూ ఎవరికి వాళ్ళు చేసుకుంటారు. మధ్యాహ్నం ఎవరో ఒకరు జవాబులన్నీ ఎలా వచ్చాయో విప్పి చెప్పాలి. మొదట్లో వంతులు వేసుకున్నారు. లోవలక్ష్మి వంతు వచ్చినప్పుడు ఆమెకి ఫోన్లో తెలుగు టైపు చెయ్యడం సరిగ్గా రాక, నోటితోనే చెప్పి పంపింది.

"అందరికీ నమస్కారమండి. ఇవాళ థీమ్ పువ్వులండి. అడ్డం ఒకటి చూడండి. 'బంగారు ఆకాశం జడలోకి దిగింది' అన్నాడు. బంగారం అంటే కనకం, ఆకాశం అంటే అంబరం. రెండూ కలిపితే కనకాంబరం. నిలువు నాలుగు, 'జాబిల్లి భార్య సాయంత్రం విచ్చుకుంది.' జాబిల్లి చంద్రుడు, భార్య అంటే కాంత. చంద్రకాంత పువ్వు పొద్దు వాలాకే కదండీ పూసేది."

వెనక ఎక్కడో పైపులోంచి నీళ్ళు పడుతున్న చప్పుడు, మధ్యలో ఎవరో కూలీ మనిషి పిలుపు. అయినా ఆ గొంతు అందరికీ నచ్చింది. ఇక వంతులు మానేసి ఆ పని ఆమెకే వదిలేశారు. ఉదయ్‌కుమార్ షాపులో బేరాలు లేనప్పుడు స్పీకర్ పెట్టుకుని వింటాడట.

ఆ పువ్వుల రోజునే, కాసేపటికి ఆమెకి ఒక ఫోన్ వచ్చింది.

"ఆయ్, లోవలక్ష్మి గారేనాండి? నన్ను అప్పాజీ అంటారండి. రామచంద్రపురం దగ్గర. గ్రూపులో ఉన్నాను లెండి, ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ నందివర్ధనం ఉంది చూశారూ, నంది దాకా నాకు తెలిసిందండి. శివుడి వాహనం. తర్వాత 'పెరిగింది' అన్నాడేంటి?"

"వర్ధనం అంటే పెరగడమేనండి. వర్ధిల్లాలి అంటాం కదండీ, ఆ వర్ధనమే."

అవతల నవ్వు వినబడింది. "మా గేటు దగ్గరే ఉందండి ఆ చెట్టు. రోజూ చూస్తూనే ఉన్నాను. ఆ పేరుకి ఇంత అర్థం ఉందని ఇన్నాళ్ళూ తెలీదు."

అలా మొదలైంది. అప్పాజీ గారు వరి, కొబ్బరి ఉన్న రైతు. అరవై దాటిన మనిషి. పజిల్లో సగం పైగా తనే చేసేవారు గానీ ఎక్కడో ఒకచోట ఆగిపోయేవారు. జవాబు తెలిస్తే చాలదు ఆయనకి, అది ఎందుకు జవాబయిందో తెలియాలి. గ్రూపులో అందరి ముందూ అడగడానికి మొహమాటం. మధ్యాహ్నం ఆమె వివరణ విని, అప్పటికీ మిగిలిన అనుమానం ఉంటే ఫోన్ చేసేవారు. ఒకరోజు "రోజు తన సున్నా పారేసుకుని వెనక్కి నడిస్తే ఏరు" అని వచ్చింది. రోజంటే దినం, సున్నా తీస్తే దిన, తిరగేస్తే నది, అని ఆమె చెప్తే ఆయన చాలాసేపు మురిసిపోయారు. ఆ మాటే నాలుగుసార్లు పైకి అనుకున్నారు.

పజిల్ మాటలు అయ్యాక ఇంకో రెండు మాటలు ఉండేవి. కాలవకి నీళ్ళు వదిలారా అని ఆయన అడిగేవారు, ఆమె ధవళేశ్వరం మనిషి కాబట్టి. వదిలారండి, పొద్దున్న చూశాను, అని చెప్పేది. కొబ్బరి మొవ్వుకి పురుగు పట్టిందనీ, మినుము బాగా వచ్చిందనీ ఆయన చెప్పేవారు. చినబాబు తద్దినం రోజున ఆమె వివరణ పంపకపోతే, సాయంత్రం ఫోన్ చేసి, "ఒంట్లో బాగానే ఉందాండి?" అని ఒక్క మాట అడిగి పెట్టేశారు. ఆమె గురించి అలా ఆరా తీసే మనిషి చాలా ఏళ్ళుగా ఎవరూ లేరు. ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఫోన్లో ఆయన పేరు పక్కన ఒక ఆవూ దూడా బొమ్మ ఉండేది, అంతే.

వేసవిలో, మామిడి మొక్కల సీజను మంచి ఊపులో ఉండగా ఆ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. లోవలక్ష్మి చేతిలో చీటీలు పక్కన పెట్టి ఎత్తింది.

"ఎవరమ్మా నువ్వు?" ఆడగొంతు.

"నేనండీ, లోవలక్ష్మినండి. కడియం నర్సరీలో..."

"రోజూ మా ఆయనతో నీకేం మాటలు?"

"పజిల్ అండి. పేపర్లో గళ్ళ పజిల్ వస్తది కదండీ, అది..."

ఫోన్ పెట్టేసిన చప్పుడైంది. సాయంత్రానికి గ్రూపులో ఒక చిన్న లైను కనిపించింది, అప్పాజీ గారు గ్రూపు నుంచి వెళ్ళిపోయారని.

లోవలక్ష్మికి ఆ రాత్రి తిండి సహించలేదు. తప్పు చెయ్యలేదని తెలుసు. తెలిసినా, ఎవరో మొహం మీద బురద చల్లినట్టే ఉంది. ఆ ఆడమనిషి గ్రూపులో వాళ్ళకి కూడా ఫోన్ చేసి ఉంటుందేమో, ఉదయ్‌కుమార్ ఏమనుకుంటున్నాడో అని రకరకాలుగా ఆలోచించింది. తల్లితో చెప్తే రత్తమ్మ గట్టిగానే మందలించింది.

"మొగుడు లేని ఆడదానివి. పరాయి మొగోడితో రోజూ ఫోనేంటే? నువ్వు గళ్ళు అంటావు, వినేవోళ్ళు అలా అనుకుంటారా? ఊరుకో ఇంక. మళ్ళీ చెయ్యకు."

చెయ్యలేదు. చెయ్యాలని చాలాసార్లు అనిపించింది. ఆయన ఏదో ఒక రోజు వేరే నంబరు నుంచైనా పలకరిస్తారని కొన్నాళ్ళు చూసింది. రాలేదు. దాంతో ఆమెకి కోపం కూడా వచ్చింది. భార్యకి సరిగ్గా చెప్పుకోలేకపోయారా, ఒక్క మాట చెప్పి మానెయ్యొచ్చు కదా, అని. వివరణలు మాత్రం ఆపలేదు. కానీ పొట్టిగా చెప్పి ముగించేసేది. ఎవరూ ఎందుకని అడగలేదు.

వానలు పడి, సార్వా వరినాట్లు అయిపోయిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె పేపరు తెరిచింది. పజిల్ వచ్చే పేజీకి ఎదుటి పేజీలో శ్రద్ధాంజలి ప్రకటనలు వేస్తారు. ఒక ప్రకటన దగ్గర కళ్ళు ఆగిపోయాయి. తెల్ల చొక్కా, బట్టతల, నవ్వీ నవ్వని మూతి. కింద అప్పాజీ అని పేరు, ఆయన మాటల్లో చాలాసార్లు విన్న ఊరి పేరు. పెద్దకర్మ తేదీ వేశారు. అది అప్పటికే దాటిపోయింది. జీవరాజు గారు ఊళ్ళో లేనందువల్ల, ఆ రోజుల పేపర్లన్నీ పేపరు కుర్రాడు ఒక్కసారే తెచ్చి పడేశాడు. ఆమె తెరిచింది వారం కిందటి పేపరు.

ఆమె ఉదయ్‌కుమార్‌కి ఫోన్ చేసింది. అతను ప్రకటనలో ఉన్న నంబరుకి మాట్లాడి, కాసేపటికి తిరిగి చేశాడు.

"ఆయనేనండి. మన అప్పాజీ గారే. నాట్లు చూట్టానికి పొలం వెళ్ళి గట్టు మీదే కూలిపోయారంట. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందంట."

లోవలక్ష్మి సరేనంది. ఆ మధ్యాహ్నం జామ మొక్కలకి చీటీలు రాయాల్సింది. రాసింది కూడా. సాయంత్రం సూపర్‌వైజర్ చూసి, అన్నిటి మీదా దానిమ్మ అని ఉందేంటమ్మా అని అడిగాడు. ఆమె మళ్ళీ రాయడానికి కూర్చుంది. అప్పుడు ఏడుపు వచ్చింది.

వెళ్ళాలా వద్దా అని కొన్ని వారాలు తేల్చుకోలేకపోయింది. తల్లి వద్దే వద్దంది. "ఆవిడ నిన్ను తిట్టినా అడిగేవోళ్ళు లేరు. ఏ మొహం పెట్టుకుని వెళ్తావు?" అంది. ఆ మాట నిజమే. అయినా ఒక మనిషి పోతే పలకరించడానికి వెళ్ళడం లోకంలో ఉన్నదే కదా అనుకుంది. దసరాకి ముందు, నర్సరీకి ఒకరోజు సెలవు పెట్టి, పొద్దున్నే బస్సెక్కింది. రామచంద్రపురంలో దిగి, ఆటో పట్టుకుని, ఆ ఊళ్ళో అడుగుతూ వెళ్ళింది.

కాలవ పక్కన పాతకాలపు డాబా. వెనక కొబ్బరి తోట. గేటు లోపల నందివర్ధనం చెట్టు తెల్లగా పూసి ఉంది. వరండాలో నేల మీద చాప వేసుకుని ఒకావిడ కూర్చుని ఉంది. నుదుట బొట్టు లేదు, మెడ బోసిగా ఉంది. చేతిలో ఏ పనీ లేదు.

"ఎవరమ్మా?" అంది.

"పలకరించడానికి వచ్చానండి. అప్పాజీ గారు..." లోవలక్ష్మి మాట మింగేసి, అసలు సంగతే ముందు చెప్పేసింది. "నా పేరు లోవలక్ష్మండి. కడియం నుంచి."

ఆవిడ అప్పాజీ గారి భార్య సూర్యకళ. ఆమె మొహంలో ఏదీ మారలేదు. "నువ్వేనా," అంది. "కూర్చో."

లోవలక్ష్మి మెట్టు మీద కూర్చుంది.

"ఇలా ఉంటావనుకోలేదు," అంది సూర్యకళ. ఎలా ఉంటుందనుకుందో చెప్పలేదు. "ఏం చేస్తావు?"

"మొక్కలకి పేర్లు రాస్తానండి."

"మీ ఆయన?"

"పోయాడండి. చాలా ఏళ్ళయింది."

సూర్యకళ తలూపింది. లోపల ఎక్కడో ఫ్యాను కిర్రుమంటోంది. కూతురు లక్ష్మీదుర్గ కాకినాడలో ఉంటుందనీ, కార్యక్రమాలు అయ్యాక నెల రోజులు ఉండి, పిల్లల బడి పోతోందని వెళ్ళిందనీ చెప్పింది. అవన్నీ చెప్పాక, గొంతు మార్చకుండానే అసలు మాట ఎత్తింది.

"ఇంట్లో ఫోన్ పలకదమ్మా. కొబ్బరి తోటలోకి వెళ్తేనే సిగ్నల్. రోజూ భోజనం చేసి కండువా భుజానేసుకుని తోటలోకి వెళ్ళేవారు. నవ్వుకుంటూ వచ్చేవారు. ఏంటంటే, నది ఎలా వచ్చిందో తెలుసా అనేవారు. నదేంటి నా మొహం అనేదాన్ని. మా ఆడపడుచు ఒకసారి చూసి, నీ మొగుడు తోటలో ఎవరితోనో ఇకఇకలాడుతున్నాడే అంది. అది నెత్తిమీద కూర్చుంది నాకు. ఈ వయసులో మనిషి తోటలోకి వెళ్ళి గళ్ళ గురించి మాట్లాడుకుంటాడంటే నమ్ముతారా ఎవరైనా? నువ్వైతే నమ్ముతావా?"

లోవలక్ష్మి నిజమే చెప్పింది. "నమ్మను లెండి."

"ఆయన చెప్పారు. ఒకసారి కాదు. నేను అన్నం మానేసి పడుకున్నాను. ఇంక నీతో మాట్లాడనని నా తలమీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యమన్నాను. ఒట్టు వేశారు, ఫోన్ నా చేతికిచ్చేశారు. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. నా దగ్గర కోపం చూపించిందీ లేదు. అదే నాకు..." ఆవిడ ఆగి, కొంగుతో మూతి తుడుచుకుంది. "పొద్దున్న పేపరు పట్టుకుని కూర్చునేవారు. సగం చేసి వదిలేసేవారు. ఒకసారి, సూర్యా, ఇదేంటో చెప్పవే, నువ్వూ నేనూ చేద్దాం అని పిలిచారు. ఆ పేపరు లాక్కుని పొయ్యిలో పెట్టాను. తర్వాత ఇంక పిలవలేదు. మామూలుగానే ఉండేవారు, తినేవారు, పొలం వెళ్ళేవారు. ఆ రోజూ అలాగే వెళ్ళారు."

లోవలక్ష్మికి తను ఆయన మీద కోపం పెట్టుకున్న రోజులు గుర్తొచ్చి సిగ్గనిపించింది.

"ఏం మాట్లాడుకునేవారు?" అంది సూర్యకళ. "నిజం చెప్పు. ఆయన లేరు. ఇప్పుడు నేను నిన్ను ఏమీ అనను. ఏముందో నాకు తెలియాలి, అంతే."

"పజిలేనండి. వినిపించమంటే ఫోన్లో నేను చెప్పినవన్నీ ఉన్నాయండి."

"ఫోనొద్దు." ఆవిడ లేచి లోపలికి వెళ్ళి, ఆ రోజు పేపరు తెచ్చింది. ఆయన పోయినా పేపరు మాన్పించలేదు. మడత కూడా విప్పని పేపరు. "ఎలా చేస్తారో నాకు చూపించు."

ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. లోవలక్ష్మి సంచిలోంచి పెన్ను తీసింది. అడ్డం ఆధారాలు, నిలువు ఆధారాలు అంటే ఏమిటో, బ్రాకెట్లో అంకె ఎన్ని గళ్ళో చెప్తుందనీ, తిరగబడింది అంటే అక్షరాలు వెనకనుంచి రాయాలనీ, అన్నిటినీ కలిపే థీమ్ ఒకటి ఉంటుందనీ చెప్పింది. మొదటిది తనే చేసి చూపించింది.

"'పద్యం సున్నా పోగొట్టుకుంటే గొంతు దురద.' రెండక్షరాలండి. పద్యాల్లో కందం అని ఒకటుంది. దానికి చివరి సున్నా తీసేస్తే?"

"కంద," అంది సూర్యకళ.

"అంతేనండి. ఇది చూడండి. 'పొట్లం సున్నా పారేసుకుని పందిరికి వేలాడింది.'"

"పొట్ల." ఆవిడ కనుబొమలు కొద్దిగా ముడిపడ్డాయి. "కూరగాయలా ఇవాళ?"

"ఆయ్. థీమ్ మీరే పట్టేశారండి."

'వేలి చివర చిక్కుకుంది' దగ్గర ఇద్దరూ కొంచెం తడుముకున్నారు. వేలి చివర గోరు కదండీ అని లోవలక్ష్మి అంటే, గోరుచిక్కుడు అని సూర్యకళ మెల్లగా అంది. 'నీళ్ళలో దిగిపోయే చెట్టు' మునగ అని ఆవిడే చెప్పింది. సాకు చెప్పే కూర వంకాయ. వంకంటే సాకని ఆవిడకి వేరే చెప్పనక్కర్లేకపోయింది. ఒక్కో గడి నిండుతుంటే ఆవిడ పేపరు మీదకి ఇంకాస్త వంగింది. పెన్ను లోవలక్ష్మి చేతిలోంచి తనే తీసుకుంది. అక్షరాలు పెద్దవిగా, గడి దాటిపోతూ పడుతున్నాయి.

"'రెండో పంట తిరగబడి పాదుకి కాసింది.' రెండక్షరాలు," అని చదివింది లోవలక్ష్మి.

"రెండో పంటంటే దాళ్వా."

"అది రైతుల మాటండి. ఆఫీసువాళ్ళు దాన్ని ఏమంటారు?"

"రబీ అంటారు."

"తిరగెయ్యండి."

సూర్యకళ గాలిలో వేలితో రాసుకుంది. "బీ... ర." పెన్ను పేపరు మీద పెట్టి, ఆ రెండు గళ్ళూ నింపింది. నింపి, వాటినే చూస్తూ ఉండిపోయింది. "రబీ, బీర," అంది ఇంకోసారి. ఆవిడ పెదవుల మీద నవ్వు లాంటిది వచ్చి, నిలవలేదు.

"ఇంతేనా?" అంది.

"ఇంతేనండి."

"రోజూ ఇంతేనా?"

"కాలవకి నీళ్ళొచ్చాయా అని అడిగేవారండి. అంతే."

సూర్యకళ పేపరు పక్కకి జరిపింది. ఆమె గట్టిగా ఏడవలేదు. మోకాళ్ళ మీద తల పెట్టుకుని, రెండు చేతులతో చుట్టుకుని కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి. లోవలక్ష్మి చెయ్యి ఎత్తి, ఆవిడ వీపు మీద వెయ్యడానికి ధైర్యం చాలక, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. వీధిలో పాలవాడు కేకేసి, సమాధానం లేక వెళ్ళిపోయాడు.

తర్వాత ఆవిడ లేచి మొహం కడుక్కుని వచ్చింది. "ఎండన పడి వచ్చావు. తిని వెళ్దువు గాని," అంది. పప్పూ, దొండకాయ వేపుడూ, మజ్జిగా ఉన్నాయి. లోవలక్ష్మి తింటుంటే ఎదురుగా కూర్చుని చూసింది గానీ తను తినలేదు. ఎప్పుడైనా ఏమైనా అన్నారా నా గురించి అంది మధ్యలో. వానాకాలం వస్తే మీరు చేసే పులస పులుసు గురించి చెప్పారండి, అని లోవలక్ష్మి చెప్పింది. అది నిజమే. ఆయన ఒకసారి ఆ మాట అన్నారు. సూర్యకళ తల తిప్పుకుంది.

గేటు దాకా వచ్చి సాగనంపింది. మనిషి పోయిన ఇంట్లో వెళ్ళొస్తానని అనకూడదు. లోవలక్ష్మి చేతులు జోడించి ఊరుకుంది.

"నువ్వు తప్పు చెయ్యలేదు," అంది సూర్యకళ. "నాకు తెలుసు. కానీ మళ్ళీ రాకమ్మా. నిన్ను చూస్తే నేను చేసిందే కనిపిస్తుంది."

"అలాగేనండి."

ఆటో దొరికే దాకా కాలవ గట్టు మీద నడిచింది. సార్వా చేలు పొట్ట మీద ఉన్నాయి, కనిపించినంత మేరా ఆకుపచ్చ. అందులో ఆయన చేను ఏదో, ఆయన పడిపోయిన గట్టు ఏదో అడగనేలేదు. అడగాల్సింది అనుకుంది. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. సంచిలో ఫోన్ మోగుతూనే ఉంది. ఇవాళ వివరణ పంపలేదేంటండీ అని గ్రూపులో ఒకరి తర్వాత ఒకరు అడుగుతున్నారు. చివరికి ఉదయ్‌కుమార్ తనే జవాబులన్నీ వరసగా టైపు చేసి పెట్టేశాడు. బీర ఎలా వచ్చిందో ఎవరికీ తెలియలేదని రాశాడు. ఆమె చదివి ఫోన్ లోపల పెట్టేసింది.

ఇల్లు చేరేసరికి రత్తమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఏమన్నారని అడిగింది. అన్నం పెట్టారని చెప్పింది లోవలక్ష్మి. తిట్టలేదా అని రత్తమ్మ మళ్ళీ అడిగింది. లేదమ్మా అని, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది.

మర్నాడు పనిలోకి వెళ్ళింది. పూనా లోడు. అన్నీ ఇంగ్లీషు పేర్లే. పజిల్ థీమ్ వంటపాత్రలు. చేసింది గానీ వివరణ చెప్పలేకపోయింది. ఆరోగ్యం బాగోలేదని రాసి, గ్రూపులో వంతులు మళ్ళీ మొదలుపెట్టమని అడిగింది. ఉదయ్‌కుమార్ ఏం అడగకుండా ఒప్పుకున్నాడు. అతనికి ఎంత తెలుసో ఆమెకి ఎప్పటికీ తెలియలేదు.

దాళ్వా నారుమళ్ళు పోసే రోజుల దాకా ఆమె వింటూనే ఉంది గానీ మాట్లాడలేదు. వేరేవాళ్ళు చక్కగానే చెప్తున్నారు. తనకంటే ఒద్దికగా, ఒకదాని తర్వాత ఒకటి. తర్వాత ఎవరో టీచరుకి జ్వరం వచ్చి, వంతు ఖాళీ అయి, ఆమెనే అడిగారు. షేడ్ నెట్ కింద కూర్చుని, పేపరు ఒళ్ళో పరుచుకుని, అందరికీ నమస్కారమండి అని మొదలుపెట్టింది. ఆ రోజు థీమ్ రంగులు. అన్నీ చెప్పి ముగించాక కాసేపు ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చుంది. సూపర్‌వైజర్ పిలిచాడు. లారీ వచ్చింది, అవతల బంతి మొక్కలకి ఇంకా చీటీలు గుచ్చలేదు. ఆమె లేచి వెళ్ళింది.